వైజాగా, సిక్కోలా, మన ఇల్లా: ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఏది ఎంచుకోవాలి

నెలకి ఒకరైనా ఫోన్ చేసి అడుగుతారు. "అక్కా, ఏ సెంటర్ మంచిది?" టెక్కలి నుంచి, రాజాం నుంచి, మొన్న కవిటి నుంచి. పిల్లాడికి రెండున్నరో మూడో ఉంటాయి. మాటల్లేవు, పిలిస్తే తిరిగి చూడడు. డాక్టరు ఆటిజం అన్నాడు, మందుల చీటీ లాంటిదేమీ ఇవ్వలేదు. ఇంటికొచ్చి ఏం చెయ్యాలో తెలీదు. మా చిన్నోడికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఉండేది సిక్కోలు, అంటే శ్రీకాకుళం జిల్లా, నరసన్నపేట. మా ఆయనది హార్డ్‌వేర్ కొట్టు. ఆరేళ్లుగా ఇక్కడున్న దారులన్నీ తొక్కి చూశాం. ఫోన్లో సగం చెప్పి సగం మర్చిపోతున్నానని ఇలా రాస్తున్నాను.

నా పక్షపాతం ముందే చెప్పేస్తే మీకూ తేలిక. సెంటర్లో ఎన్ని బొమ్మలున్నాయి, ఊయల ఉందా, ఏసీ ఉందా అని నేను చూడను. థెరపీ జరిగే ముప్పావుగంటలో తల్లికి ఏం నేర్పారు, అక్కడికి చేరేసరికి పిల్లాడిలో ఎంత ఓపిక మిగిలింది, ఈ రెండే చూస్తాను. కింద రాసిందంతా ఈ రెండు కొలతలతో కొలిచిందే.

సెంటర్ల గోలకి ముందు చెవుల పరీక్ష. మాటలు రాని పిల్లాడికి వినికిడి సరిగా ఉందో లేదో తేలకుండా ఏ థెరపీ మొదలుపెట్టినా గాల్లో దీపమే. బెరా అని ఉంటుంది, పిల్లాడు నిద్రలో ఉండగా చేస్తారు. ఇక "ఆగి చూద్దాం" అనే సలహా. మా అత్తయితే, "ఓలమ్మో, మాటలెందుకు రావే! ఆడి బాబుకీ నాలుగేళ్లకి గానీ రాలేదు" అని ఏడాది పాటు అడ్డం పడింది. ఆవిడ మీద కోపం లేదు, కానీ ఆ ఏడాది తిరిగి రాలేదు. పదహారు నుంచి ముప్పై నెలల పిల్లల కోసం ఇరవై ప్రశ్నల స్క్రీనింగ్ ఒకటుంది, ఎమ్‌చాట్ అంటారు. పిల్లల డాక్టరుని పేరు పెట్టి అడగండి, పది నిమిషాల పని. అందులో అనుమానం తేలినంత మాత్రాన ఆటిజం అని కాదు, వివరంగా చూపించుకోవాలని అర్థం. వేలు పెట్టి చూపించడం లేదు, రెండేళ్లు నిండినా రెండు పదాలు కలపడం లేదు అంటే ఆగడానికి కారణమే లేదు. ఆటిజమో కాదో పేరు తేలకపోయినా పిల్లాడితో పని మొదలుపెట్టొచ్చు.

సర్కారీ దారి, ప్రైవేటు దారి

ఆర్‌బీఎస్‌కే అని పిల్లల ఆరోగ్యం, ఎదుగుదల పరీక్షించడానికి 2013లో మొదలైన కేంద్రం కార్యక్రమం ఉంది. పుట్టిన బిడ్డ నుంచి పద్దెనిమిదేళ్ల దాకా చూస్తారు. ఆ టీమ్ అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. వాళ్లకి అనుమానం వస్తే జిల్లా స్థాయిలో ఉండే డీఈఐసీకి, అంటే ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌కి పంపుతారు. టీమ్ మీ ఊరొచ్చేదాకా కూర్చోకండి. ఆశా కార్యకర్తనో ఏఎన్ఎమ్‌నో పట్టుకుంటే దారి చెబుతారు. లెక్క ప్రకారం అక్కడ పిల్లల డాక్టరు, సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు, ఫిజియో, స్పెషల్ ఎడ్యుకేటర్ ఒకే కప్పు కింద ఉండాలి. ఏ పోస్టులో మనిషి ఉన్నారో, ఏ రోజు కూర్చుంటారో ముందు కనుక్కొని బయల్దేరండి. లేకపోతే బస్సు చార్జీలు దండగ.

ఈ దారిలో మంచి ఏమిటంటే డబ్బు ఖర్చు లేకుండా చెవి, కన్ను, ఎదుగుదల అన్నీ ఒక్కచోట చూస్తారు, ప్రతిదీ కాగితం మీదకి ఎక్కుతుంది. ఆ కాగితాలు తర్వాత వైకల్యం సర్టిఫికెట్ దగ్గర బంగారం. తక్కువ ఏమిటంటే పిల్లాడికి దొరికే సమయం. జనం ఎక్కువ, మనిషికి ఇన్ని నిమిషాలు అన్నట్టు ఉంటుంది. అందుకే మూడు నెలలకోసారి చూపించుకోవడానికి, రాతపూర్వకంగా రిపోర్టు తీసుకోవడానికి దాన్ని వాడుకోమంటాను. వారం వారం థెరపీకి అదొక్కటే నమ్ముకోవద్దు.

ప్రైవేటు సెంటర్లు శ్రీకాకుళం, విజయనగరం టౌన్లలో ఇప్పుడు బాగానే పెరిగాయి. మేము సెషన్‌కి ఐదు వందలు ఇచ్చేవాళ్లం. వారానికి మూడు రోజులంటే నెలకి ఆరు వేలు, పైన ఆటో. మొదట చేరిన చోట ఆర్నెల్లు తలుపు వేసుకొని థెరపీ చేశారు. "అమ్మ ఉంటే ఏడుస్తాడండీ, మీరు బయట కూర్చోండి" అనేవారు. నిజమే అనుకొని బయట బల్ల మీద కూర్చొని మిగతా తల్లులతో మాట్లాడుతూ ఆర్నెల్లు గడిపేశాను. ఒకరోజు కిటికీ రెక్క సందులోంచి చూస్తే, వాడు ఇంట్లో ఎప్పుడో నేర్చేసుకున్న చెక్క పజిల్‌నే పేరుస్తున్నాడు. టీచరమ్మ ఫోన్ చూసుకుంటోంది. ఆ రోజే మానిపించాం. తర్వాత వెళ్లిన చోట ఫీజు అంతే. కానీ ఆఖరి పావుగంట నన్ను లోపలికి పిలిచి, "ఈ వారం ఇంట్లో ఇది చెయ్యండి" అని నా చేత్తోనే చేయించేవారు. రెండింటి బోర్డుల మీదా రాతలు ఇంచుమించు ఒకటే.

అందుకని చేరే ముందు అడగాల్సినవి చెబుతాను. తల్లినో తండ్రినో లోపలికి రానిస్తారా? మూడు నెలలకి ఏం సాధిస్తారో రాసిస్తారా? "ఐ కాంటాక్ట్ పెరుగుతుంది" లాంటి మాట చాలదు, "దాహమేస్తే గ్లాసు తెచ్చి చేతిలో పెడతాడు" లాంటిది కావాలి. స్పీచ్ థెరపిస్టుకి, స్పెషల్ ఎడ్యుకేటర్‌కి, క్లినికల్ సైకాలజిస్టుకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది, సీఆర్‌ఆర్ నంబరు అంటారు. అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఉన్నవాళ్లు గోడకి ఫ్రేము కట్టించుకొనే పెట్టుకుంటారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు, అంటే రోజువారీ పనులు అలవాటు చేయించేవాళ్లు, ఆ కౌన్సిల్ కిందకి రారు కాబట్టి వాళ్లని డిగ్రీ అడగండి. పిల్లాడితో తెలుగులోనే మాట్లాడతారా అన్నది నేను ఆలస్యంగా నేర్చుకున్న ప్రశ్న. ఇంట్లో "నీళ్లు" అని, సెంటర్లో "వాటర్" అని నేర్పితే రెండూ రాక పిల్లాడు నలిగిపోయాడు. రెండు భాషలు పిల్లలకి చేటని కాదు నేననేది. ఇంట్లో అమ్మమ్మకి అర్థమయ్యే మాట ముందు రావాలి.

వైజాగ్ లెక్క

ఇక్కడ శ్రీకాకుళం వాళ్లకి, విజయనగరం వాళ్లకి జవాబు ఒకటి కాదు. విజయనగరం టౌన్ నుంచి వైజాగ్ అరవై కిలోమీటర్ల లోపే, రైళ్లకి కొదవ లేదు. వారానికి రెండు రోజులు వెళ్లి రావడం కష్టమే గానీ అసాధ్యం కాదు. శ్రీకాకుళం నుంచి నూట పది కిలోమీటర్లు. మాకైతే ఇంకా ఎక్కువ, బస్సులో మూడు గంటల పైమాటే. పొద్దున్న ఐదున్నరకి లేపి, ఎక్కించి, వైజాగ్ బస్ కాంప్లెక్స్‌లో దిగి, ఆటో పట్టుకొని వెళ్లేసరికి వాడు చెవులు మూసుకొని నేల మీద పడుకొనేవాడు. హారన్ల మోత వాడికి పడదు. ఆ స్థితిలో ముప్పావుగంట థెరపీ, మళ్లీ మూడు గంటలు వెనక్కి. ముప్పావుగంట కోసం ఆరున్నర గంటలు. రెండు నెలలు చేశాం. పేరున్న సెంటరే, మనుషులూ మంచివాళ్లే, కానీ వాళ్ల దగ్గరికి చేరిన పిల్లాడు అప్పటికే అయిపోయిన పిల్లాడు.

ఆ తర్వాత అందరూ చేసేదే చేశాం, వైజాగ్‌లో గది తీసుకున్నాం. నేనూ వాడూ అక్కడ, మా ఆయన కొట్టు దగ్గర, పెద్దమ్మాయి మా అత్త దగ్గర. పదకొండు నెలలు. వాడికి కొంత మేలు జరగలేదనను. కానీ వాడికి నాన్న లేడు, అక్క లేదు, వీధిలో పలకరించే మనిషి లేడు. మాట్లాడ్డం నేర్పడానికి తీసుకెళ్లి, మాట్లాడే మనుషుల్ని వాడికి దూరం చేశాం. నెలకి అద్దె, ఫీజులు కలిపి ఎంతయిందో రాస్తే మా ఆయన చదివి మళ్లీ బాధపడతాడు, వదిలేద్దాం. భార్యాభర్తలిద్దరికీ అక్కడే పని దొరికే వీలుంటే ఆలోచించండి. ఒక్క తల్లి వెళ్లి ఉండడానికైతే వద్దనే చెబుతాను.

వైజాగ్ దేనికి కావాలంటే, ఫిట్స్ వస్తుంటే, నిద్ర పూర్తిగా దెబ్బతింటే, తనని తాను కొట్టుకుంటుంటే, నిర్ధారణ మీదే అనుమానం ఉంటే. అలాంటప్పుడు పెద్ద సర్కారు ఆసుపత్రి కేజీహెచ్ ఉంది, చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది, ప్రైవేటులో పిల్లల ఎదుగుదల నిపుణులు ఉన్నారు. ఆర్నెల్లకోసారి వెళ్లి, మందులో ప్లానో మార్పించుకొని వస్తే సరిపోతుంది. ఇచ్ఛాపురం, సోంపేట వైపు వాళ్లకి బరంపురం దగ్గర. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లూ బోలెడుమంది, డాక్టరుకి చూపించుకోవడానికి బాగానే ఉంటుంది. సర్టిఫికెట్ మాత్రం మన జిల్లాలోనే చేయించుకోండి, పెన్షన్‌కి చూసేది దాన్నే.

ఇంకో ప్రయాణం మాత్రం ఒక్కసారైనా చెయ్యమంటాను. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీ ఉంది, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984 నుంచి ఉన్న కేంద్ర సంస్థ. శ్రీకాకుళం రోడ్‌లో రైలెక్కితే ఒక రాత్రి ప్రయాణం. పిల్లాడిని అన్ని వైపుల నుంచీ చూసి, ఇంట్లో ఏం చెయ్యాలో చెప్పి పంపుతారు. అక్కడ వారం ఉండి నేర్చుకున్నది మాకు ఏడాది పనికొచ్చింది.

ఇంట్లో జరిగేది

థెరపీ వారానికి మూడు గంటలు అనుకుందాం. పిల్లాడు మేలుకొని ఉండేది వారానికి ఎనభై గంటల పైన. ఆ మిగతా గంటలు ఎవరివి? గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ ఒక పరిశోధన చేశారు, 2016లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చింది. పెద్ద డిగ్రీలు లేని ఆరోగ్య కార్యకర్తలకి శిక్షణ ఇచ్చి, వాళ్ల చేత తల్లిదండ్రులకి పన్నెండు సెషన్లలో నేర్పించారు. పిల్లాడితో తల్లిదండ్రులు మెలిగే తీరు మారింది, పిల్లలు తమంతట తాము మాట కలపడం పెరిగింది. ఆటిజం పోయిందని ఎవరూ అనలేదు. మన జిల్లాల్లాంటి చోట్లకి ఇంతకంటే అతికే దారి నాకు కనపడలేదు.

మా ఇంట్లో అది ఎలా ఉండేదో చెబుతాను. వాడికి మురీలంటే, అదే మరమరాలంటే, ప్రాణం. అద్దంలా కనిపించే డబ్బాలో పోసి, మూత బిగించి, వాడికి అందే ఎత్తులో పెట్టేదాన్ని. మొదట డబ్బాని నేలకేసి కొట్టేవాడు. తర్వాత నా మణికట్టు పట్టుకొని డబ్బా మీద పెట్టేవాడు, నా మొహం చూడకుండా, చెయ్యి ఒక పనిముట్టు అయినట్టు. నేను చెయ్యి కదపకుండా వాడి కళ్ల ఎత్తుకి వంగి, "తియ్యి" అని ఒక్కసారే అని, ఐదు లెక్కపెట్టేదాన్ని. వాడు చూసినా, ఏ చప్పుడు చేసినా మూత తీసి నాలుగంటే నాలుగే గింజలు చేతిలో పోసి, మళ్లీ మూత. రోజుకి ఇరవైసార్లు. ఇరవై మూడో రోజు "తీ" అన్నాడు. పక్కింటి వాళ్లకి వినపడేలా అరవబోయి నోరు నొక్కుకున్నాను, అరిస్తే వాడికి పడదు కదా. ఈ డబ్బా ఉపాయం నాకు నేర్పింది ఆ రెండో సెంటర్ స్పీచ్ థెరపిస్టే. అది ఐదు వందలకి కొన్న వస్తువు, పనిచేసింది మాత్రం వంటింటి గట్టు పక్కన.

ఆన్‌లైన్ సెషన్ల సంగతీ ఇందుకే చెబుతున్నాను. పిల్లాడిని ఫోన్ ముందు కూర్చోబెట్టి అవతలి మనిషి పాఠం చెప్పేదైతే వద్దు. మీరు చేసిన ఐదు నిమిషాల వీడియో పంపితే, చూసి, "ఇక్కడ మీరు తొందరపడ్డారు" అని మీకు చెప్పేదైతే కొండ ఊళ్ల వాళ్లకి, దూరం వాళ్లకి దాన్ని మించింది లేదు.

భవిత, బడి

మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటుంది, సర్కారు బడుల పథకం సమగ్ర శిక్ష కింద నడుస్తుంది. ఖర్చేమీ లేదు. ఇలాంటి పిల్లలకి చెప్పే ఐఈఆర్పీ టీచర్లుంటారు, ఫిజియోథెరపిస్టు వారానికోసారి వస్తారు. నడక, కండరాల ఇబ్బంది ఉన్న పిల్లలకి బాగా పనికొస్తుంది. ఆటిజం పిల్లలకి ఎంత పనికొస్తుందన్నది పూర్తిగా ఆ టీచరు మీద ఉంటుంది. ఒక మండలంలో ప్రాణం పెట్టి చెప్పే మనిషి దొరుకుతుంది, పక్క మండలంలో కుర్చీలో కూర్చోబెట్టి రంగులు వేయిస్తారు. రెండు రోజులు పక్కన కూర్చొని చూస్తే తెలిసిపోతుంది. బడికి రాలేని పిల్లలకి ఇంటికొచ్చి చెప్పే ఏర్పాటు, రవాణా భత్యం కూడా ఉన్నాయి, అడిగితేనే చెబుతారు.

మామూలు బడా, స్పెషల్ స్కూలా? 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం వైకల్యం నలభై శాతం, ఆపైన ఉన్న పిల్లలకి ఆరేళ్ల నుంచి పద్దెనిమిది దాకా దగ్గరి బడిలో గానీ, కోరుకున్న స్పెషల్ స్కూల్లో గానీ ఉచితంగా చదివే హక్కుంది. నా అనుభవంలో వీధిలోని చిన్న సర్కారు బడి, తరగతిలో ఇరవైమంది లోపు ఉంటే, అరవైమందిని కుక్కిన ఇంగ్లీష్ మీడియం కంటే వెయ్యి రెట్లు నయం. మా వాడి టీచరు బెల్లు కొట్టే ముందు వాడి భుజం తట్టి చెబుతారు, వాడు చెవులు మూసుకుంటాడు, బెల్లు మోగుతుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. దానికి ఏ ట్రైనింగూ అక్కర్లేకపోయింది. తన పనులు తాను చేసుకోలేని, ప్రమాదం తెలియని పిల్లలకి మాత్రం స్పెషల్ స్కూలే మేలు. హాస్టల్లో వదిలేయడం పదేళ్ల లోపు పిల్లలకి నేను ఒప్పుకోను. అక్కడ ఏం జరిగిందో వచ్చి చెప్పడానికి వాడికి మాటల్లేవు.

కాగితాల్లో ఏది ముందు

సదరం, అంటే వైకల్యం ఎంత శాతమో చెప్పే సర్టిఫికెట్, ముందు. మిగతావన్నీ దాని వెనకే. సచివాలయంలో గానీ మీసేవలో గానీ స్లాట్ బుక్ చేయించుకోవాలి. 2022లో జిల్లాలు విడిపోయాక రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. ఆధార్‌లో పాత జిల్లా ఉంటే ముందే సరిచేయించుకోండి.

మొదటిసారి వెళ్లినప్పుడు మేము చేసిన తప్పు ఏమిటంటే, గొడవ చేస్తాడని చేతికి ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టాం. బుద్ధిగా కూర్చున్న పిల్లాడిని చూసి ఐదు నిమిషాల్లో తేల్చేశారు, శాతం నలభై దాటలేదు. రెండోసారి ఫోన్ ఇవ్వలేదు. బట్టలు మార్చేటప్పుడు, బంధువులొచ్చినప్పుడు, కుక్కర్ కూత వేసినప్పుడు వాడెలా ఉంటాడో చిన్న చిన్న వీడియోలు తీసి పట్టుకెళ్లాం, బడి టీచరు చేత ఒక పేజీ రాయించాం. ఐఎస్ఏఏ అని నలభై అంశాల స్కేలు ఉంది, ఆటిజం శాతం కట్టడానికి మన దేశంలో తయారైంది. దాంతో చూడమని మర్యాదగా అడిగాం. ఇచ్చిన శాతం మీద అప్పీలు చేసుకొనే హక్కు చట్టంలోనే ఉంది. చిన్నపిల్లలకి ఇచ్చే సర్టిఫికెట్‌కి గడువుంటే ఆ తేదీ క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి.

నలభై శాతమో ఆపైనో ఉండి, మిగతా అర్హతలు ఉంటే ఎన్టీఆర్ భరోసా పెన్షన్ నెలకి 6,000, 2024 జులై నుంచి. సెంటర్ ఫీజు కట్టలేని ఇంటికి ఇదే ఆధారం. కేంద్రం సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా, చేరడానికి వైద్య పరీక్షలు అడగరు, థెరపీ బిల్లులకీ ఒక పరిమితి వరకు తిరిగి ఇస్తారు. కాకపోతే అసలు బిల్లులు కావాలి. చిత్తు కాగితం మీద "పెయిడ్" అని రాసిచ్చే సెంటర్ దగ్గర ఇది పనికిరాదు, ఇదీ సెంటర్ ఎంచుకోవడంలో ఒక కొలతే. ఆదాయపు పన్ను కట్టేవాళ్లయితే పాత పన్ను విధానంలో (1961 చట్టంలో 80డీడీ) 75,000, వైకల్యం ఎనభై శాతం పైనైతే 1,25,000 మినహాయింపు ఉంది.

వేటి జోలికి వెళ్లకూడదో ఒక్క ముక్కలో చెబుతాను. స్టెమ్ సెల్ వైద్యం ఆటిజంకి సిఫారసు చెయ్యడం లేదని 2022 డిసెంబరులో నేషనల్ మెడికల్ కమిషన్ వైపు నుంచే చెప్పారు. అయినా పొలం అమ్మించేవాళ్లున్నారు. "మూడు నెలల్లో మాటలు గ్యారంటీ" అన్న బోర్డు కనిపిస్తే చెప్పులు కూడా విప్పకండి. తాయెత్తు కట్టించుకుంటారా, అరసవల్లి వెళ్లి దణ్ణం పెట్టుకుంటారా, మీ ఇష్టం. దానివల్ల థెరపీ రోజు తప్పకపోతే చాలు.

తల్లులకి

ఇది అడిగేవాళ్లు తక్కువ గానీ ఫోన్ పెట్టేసే ముందు అందరి గొంతూ ఇక్కడికే వస్తుంది. నిద్ర లేదు, పెళ్లిళ్లకి పిలవడం మానేశారు, "నీ పెంపకమే" అన్నారు. 14416 అని టెలి మానస్ నంబరుంది, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. నేను రెండుసార్లు చేశాను, చెప్పుకోడానికి సిగ్గేమీ లేదు. కౌన్సెలింగ్ కంటే నాకు ఎక్కువ పనికొచ్చింది మాత్రం సెంటర్ బయట బల్ల మీద పరిచయమైన తల్లులే. ఏ డాక్టరు ఏ రోజు ఉంటారు, సదరం స్లాట్లు ఎప్పుడు తెరిచారు, జుట్టు కత్తిరించుకోనివ్వని పిల్లాడికి ఓపిగ్గా కత్తిరించే మంగలి ఎవరు, ఇవి ఏ ఆఫీసులోనూ దొరకవు.

ఇప్పుడు ఐదారుగురం నెలకి ఒక ఆదివారం మా ఇంట్లో కలుస్తాం. పిల్లలు కలిసి ఆడుకుంటారనుకునేరు, ఒక్కొక్కడు ఒక్కో మూల. అయినా ఎవరూ ఎవరినీ వింతగా చూడరు. రావాలనుకునే వాళ్లకి నేను చెప్పేది ఒకటే: మీ వాడు తినేది మీరే తెచ్చుకోండి, చెప్పులు దాచుకోండి, ఒకడు బావిలో పడేస్తాడు. అన్నం మాత్రం పొద్దున్నే వండేస్తాను, అందరూ వెళ్లేదాకా కుక్కర్ పొయ్యి ఎక్కదు.